అవిభక్తుల సాక్ష్యం: స్మృతుల నుండి సాక్ష్య చట్టం వరకు

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో, ఋణాదానాన్ని వివరించే భాగంలో, పరిశోధకుల దృష్టి అంతగా పడని ఒక శ్లోకం ఉంది. అన్నదమ్ముల మధ్య, దంపతుల మధ్య, తండ్రీకొడుకుల మధ్య ఆస్తి పంపకం జరగనంతవరకు పూచీ, అప్పు, సాక్ష్యం అనే మూడూ చెల్లవని దాని తాత్పర్యం. పూచీ, అప్పు ధనానికి సంబంధించినవి. వాటి పక్కన సాక్ష్యాన్ని ఎందుకు చేర్చారన్నది మొదటి చూపులో అర్థం కాదు. కుటుంబ సభ్యుల చేత ఒకరికి వ్యతిరేకంగా మరొకరి చేత సాక్ష్యం చెప్పించవచ్చునా అన్న ప్రశ్నకు భారతీయ న్యాయచరిత్రలో సమాధానం వెతికేవారికి ఈ చేర్పే సరైన ప్రారంభస్థానం.

ఈ ప్రశ్న చర్చకు వచ్చినప్పుడల్లా ఒక అభిప్రాయం వినిపిస్తుంది. మన సంప్రదాయం కుటుంబ బంధాన్ని పవిత్రంగా భావించింది కనుక తండ్రికి వ్యతిరేకంగా కొడుకును, భర్తకు వ్యతిరేకంగా భార్యను సాక్షిగా నిలబెట్టలేదని, ఆ మర్యాదను పాశ్చాత్య న్యాయవిధానం చెరిపివేసిందని ఆ అభిప్రాయ సారాంశం. స్మృతి గ్రంథాలను, వాటి వ్యాఖ్యానాలను, ఆ తరువాతి చట్టాలను వరుసగా చదివితే ఇందులో రెండు భాగాలూ నిలవవు. ప్రాచీన ధర్మశాస్త్రం ఆప్తులను సాక్ష్యం నుండి తప్పించింది కాని, వారి మీది దయతో కాదు. దాంపత్య రహస్యానికి నేటి చట్టంలో ఉన్న రక్షణ ఇంగ్లండు నుండి వచ్చిందే తప్ప స్మృతుల నుండి రాలేదు.

పై శ్లోకానికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో చెప్పిన కారణం ఈ విషయంలో నిర్ణాయకమైనది. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో రచన చేసిన ఈ వ్యాఖ్యాత, అవిభక్తులకు ఈ మూడింటినీ నిషేధించడానికి కారణం వారి ధనం ఉమ్మడి కావడమేనని స్పష్టం చేశాడు. తీసుకున్న అప్పును తప్పక తిరిగి చెల్లించాలి. పూచీ పడడం, సాక్షిగా ఉండడం కూడా ఒక్కొక్కప్పుడు ధనవ్యయానికే దారితీస్తాయి. ఒకరి పని వల్ల అందరి సొమ్ము ఖర్చు కాకూడదు కనుక ఈ నిషేధం. పరస్పర అనుమతి ఉంటే అవిభక్తుల మధ్య కూడా ఇవి జరగవచ్చునని, పంపకం తరువాత ఆ అనుమతితో కూడా పని లేదని ఆయన అంటాడు. ఇక్కడ ప్రేమ ప్రసక్తి లేదు, రక్తసంబంధపు ప్రసక్తి లేదు. ఉన్నది ఉమ్మడి సొమ్ము ప్రసక్తి.

సాక్ష్యం ధనవ్యయానికి దారితీయడమంటే ఏమిటో అదే అధ్యాయంలో మరొకచోట తెలుస్తుంది. అప్పుల తగాదాలో సాక్ష్యం చెప్పవలసినవాడు చెప్పకుండా ఉండిపోతే, నలభై ఆరవ రోజున రాజు అతని చేత ఆ అప్పు మొత్తాన్ని, దానిపై పదోవంతును కలిపి కట్టించాలని యాజ్ఞవల్క్యుడు విధించాడు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలోనూ దాదాపు ఇదే నియమం కనిపిస్తుంది. రోగం లేకుండా మూడు పక్షాల పాటు సాక్ష్యం చెప్పనివాడు ఆ ఋణభారాన్ని, దానిలో దశాంశాన్ని మోయాలి. మూడు పక్షాలంటే నలభై అయిదు రోజులు. నలభై ఆరవ రోజు లెక్క అక్కడిదే. తెలిసి కూడా సాక్ష్యం చెప్పనివాడు పాపంలోనూ దండనలోనూ కూటసాక్షితో సమానుడని యాజ్ఞవల్క్యుడు మరో అడుగు ముందుకు వేశాడు. అంటే బలవంతపు సాక్ష్యం అనే భావన ఆధునిక న్యాయస్థానాల సమన్లతో పుట్టినది కాదు. దాని వెనుక రాజదండనా ఉంది, పాపభీతీ ఉంది.

నారద స్మృతి ఈ సంబంధాన్ని మరో వైపు నుండి చూపుతుంది. సాక్షిగా ఉండడం, పూచీ పడడం, ఇచ్చిపుచ్చుకోవడం అనేవి విడిపోయిన అన్నదమ్ములే పరస్పరం చేయగలరు, కలిసి ఉన్నవారు చేయరాదని నారదుడు దాయభాగ ప్రకరణంలో చెప్పాడు. అంటే ఒక అన్న తన తమ్ముని వ్యవహారంలో సాక్షిగా నిలిచాడంటే వారిద్దరూ ఆస్తి పంచుకున్నారనడానికి అది ఒక ఆధారం. సోదరప్రేమ ఉన్నదా తరిగిందా అని ఇక్కడ ఎవరూ అడగలేదు. పంపకాలై పదేళ్లయినా ప్రాణానికి ప్రాణంగా ఉన్న అన్నదమ్ములు చట్టం దృష్టిలో ఒకరికొకరు సాక్షులు కాగలరు. ఒకే కప్పు కింద పలకరింపు లేకుండా గడిపే అవిభక్తులు కాలేరు.

భార్యాభర్తల విషయం వ్యాఖ్యాతకు కొంత చిక్కు తెచ్చింది. దంపతులకు విభాగం లేదని ఆపస్తంబ ధర్మసూత్రం చెబుతున్నప్పుడు, విభాగానికి ముందు అన్న నియమం వారికి ఎలా వర్తిస్తుందన్నది ప్రశ్న. వైదిక కర్మలలోనూ వాటి పుణ్యఫలంలోనూ దంపతులకు విభాగం లేదని, ద్రవ్యంలో మాత్రం భర్త ఇష్టప్రకారం భార్యకూ విభాగం ఉండవచ్చునని విజ్ఞానేశ్వరుడు సర్దుబాటు చేశాడు. ఈ సర్దుబాటులో ఇష్టం భర్తదే, భార్యది కాదు. ఈ అంశాన్ని గుర్తుంచుకోవాలి. 1872 నాటి చట్టంలో మరో రూపంలో ఇది ఎదురవుతుంది.

సాక్షులుగా పనికిరానివారి పట్టికలు వేరు. వాటిలో మనువు, యాజ్ఞవల్క్యుడు ఇద్దరూ ఆప్తుణ్ణి, అర్థసంబంధిని, సహాయుణ్ణి, శత్రువును చేర్చారు. ఆప్తుడు శత్రువుతో కలిసి ఒకే వరుసలో నిలబడడమే ఈ పట్టిక తర్కాన్ని చెబుతుంది. ఒకడు రాగంతో, మరొకడు ద్వేషంతో అబద్ధం చెప్పవచ్చు. ఇద్దరూ అనుమానింపదగినవారే. ఆప్తుడంటే రక్తబంధువే కావాలన్న నియమమూ లేదు. ఆ మాటకు నమ్మకస్తుడు, మిత్రుడు అన్న అర్థాలే ముందు స్ఫురిస్తాయి. యాజ్ఞవల్క్యుడు స్త్రీని, బాలుణ్ణి, వృద్ధుణ్ణి, జూదరిని, మత్తుణ్ణి, ఉన్మత్తుణ్ణి కూడా ఈ పట్టికలో చేర్చడం వల్ల, ఇది గౌరవించదగిన బంధాల పట్టిక కాదని, విశ్వసనీయత మీద వేసిన జల్లెడ అని తేలిపోతుంది. స్త్రీలను ఈ వరుసలో పెట్టిన దృష్టి ఎంత సంకుచితమైనదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ జల్లెడ అన్ని వేళలా పని చేయదు. ఇంటి లోపల, అరణ్యంలో, ప్రాణహాని జరిగిన సందర్భంలో, స్వయంగా చూసి ఎరిగిన ఎవరైనా సాక్షి కావచ్చునని మనువు మినహాయింపు ఇచ్చాడు. తగిన సాక్షులు దొరకనప్పుడు స్త్రీ, బాలుడు, వృద్ధుడు, శిష్యుడు, బంధువు, దాసుడు, భృత్యుడు కూడా పనికివస్తారని వెంటనే చెప్పాడు. ఇక్కడ బంధువు అన్న మాట స్పష్టంగానే ఉంది. సాహసం, దొంగతనం, పరస్త్రీ సంగ్రహణం, వాక్పారుష్య దండపారుష్యాల విషయంలో సాక్షుల యోగ్యతను పరీక్షించనే వద్దన్నాడు. యాజ్ఞవల్క్యుడు కూడా ఇటువంటి నేరాలలో అందరూ సాక్షులేనన్నాడు. అంటే, సొమ్ము తగాదాలలో దూరంగా ఉంచిన ఇంటివారిని, నెత్తురు చిందిన తగాదాలలో శాస్త్రమే లోపలికి పిలిచింది. నాలుగు గోడల మధ్య జరిగిన దానికి ఆ గోడల మధ్య ఉన్నవారే సాక్షులన్న లోకజ్ఞానం స్మృతికారులకు ఉంది.

ఈ ధర్మశాస్త్ర సంప్రదాయం తెలుగుకు దూరమైనది కాదు. పదమూడవ శతాబ్దంలో కేతన మితాక్షరను ఆధారం చేసుకొని విజ్ఞానేశ్వరీయాన్ని పద్యరూపంలో తెలుగు చేశాడు. దశకుమార చరిత్రమును తిక్కనకు అంకితమిచ్చిన ఈ కవికి ఆంధ్రభాషాభూషణం వల్ల వ్యాకర్తగా వచ్చిన పేరు ధర్మశాస్త్ర రచయితగా రాలేదు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలతో కూడిన ఆ గ్రంథాన్ని సాహిత్య చరిత్రలు తెలుగులో తొలి ధర్మశాస్త్ర గ్రంథమన్న ఒక్క వాక్యంతో దాటవేస్తుంటాయి. న్యాయపరిభాషను దేశభాషలోకి తెచ్చిన ప్రయత్నంగా దానిని చదవవలసిన అవసరం ఇంకా మిగిలే ఉంది.

శాస్త్రం సొమ్ము లెక్కతో చూసిన విషయాన్ని ఇతిహాసం ప్రాణం లెక్కతో చూసింది. మహాభారత సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు సభ అంతా మౌనం వహించినప్పుడు విదురుడు ఒక పూర్వకథ చెబుతాడు. ఒక కన్య కోసం ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడికి, అంగిరసుని కుమారుడు సుధన్వుడికి తమలో ఎవరు శ్రేష్ఠులన్న వివాదం వచ్చింది. ఇద్దరూ ప్రాణాలు పణంగా ఒడ్డారు. తీర్పు చెప్పమని ప్రహ్లాదుణ్ణే అడిగారు. ఓడితే కొడుకు ప్రాణం పోతుంది. అబద్ధమాడినా, అసలు మాట్లాడకపోయినా తల నూరు వ్రక్కలవుతుందని సుధన్వుడు హెచ్చరించాడు. భయపడిన ప్రహ్లాదుడు కశ్యపుణ్ణి ఆశ్రయించాడు. తెలిసి కూడా కామం వల్లనో, క్రోధం వల్లనో, భయం వల్లనో సమాధానం చెప్పనివానిని వేయి వరుణపాశాలు బంధిస్తాయని, సంవత్సరానికి ఒక్కటి చొప్పున మాత్రమే అవి విడిపోతాయని కశ్యపుడు చెప్పాడు. తిరిగి వచ్చిన ప్రహ్లాదుడు సుధన్వుడే నీకంటె శ్రేష్ఠుడని కొడుకుతో అన్నాడు. పుత్రస్నేహాన్ని విడిచి ధర్మంలో నిలిచినందుకు మెచ్చి సుధన్వుడు విరోచనుణ్ణి విడిచిపెట్టాడు.

ఈ కథను సాధారణంగా సత్యనిష్ఠకు ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. నిజానికి అందులో బలవంతం బహిరంగంగా ఉంది. ప్రహ్లాదుడు తనంతట తాను ముందుకు రాలేదు. తల పగులుతుందన్న బెదిరింపు ఒకవైపు, వేయి పాశాల భయం మరొకవైపు ఉన్నాయి. సాక్షికి మౌనంగా ఉండే హక్కు లేదని కథ నిక్కచ్చిగా చెబుతోంది. అయితే కథకుడు కొడుకును చావనివ్వలేదు. తండ్రి మాట వల్ల కొడుకు ప్రాణం పోయి ఉంటే ఆ మాటకు ఎవరు బాధ్యులన్న ప్రశ్న నుండి కథ పక్కకు తప్పుకుంది. సుధన్వుని క్షమ లేకపోతే అది తట్టుకోలేని కథ. సాక్షి ధర్మాన్ని ఇంత కఠినంగా విధించిన సంప్రదాయానికి దాని మూల్యం కూడా తెలుసునని ఆ ముగింపు వల్ల అనుకోవచ్చు. మనుస్మృతిలో, నిజం చెబితే ఒకరి ప్రాణం పోయే చోట అసత్యం చెప్పవచ్చునన్న వచనం కూడా ఇదే కలతకు మరో రూపం.

అదే సభలో అంతకు ముందే వికర్ణుడు లేచి సొంత అన్నకు వ్యతిరేకంగా మాట్లాడాడు. అతణ్ణి ఎవరూ బలవంతపెట్టలేదు. ప్రహ్లాదుణ్ణి మెచ్చిన కథాలోకం వికర్ణుణ్ణి కర్ణుని చేత పిల్లవాడివని మందలింపజేసింది. అడగకుండా చెప్పిన బంధువు మాటకు సభలో విలువ దక్కలేదు.

తెలుగు నేల మీద మధ్యయుగంలో పనిచేసిన మరో న్యాయసంప్రదాయాన్ని కూడా ఇక్కడ స్మరించాలి. కుతుబ్ షాహీ, అసఫ్ జాహీ పాలనలో ఖాజీలు అనుసరించిన ఇస్లామీయ న్యాయశాస్త్రంలో, ముఖ్యంగా హనఫీ సంప్రదాయంలో, తండ్రికి అనుకూలంగా కొడుకు, కొడుకుకు అనుకూలంగా తండ్రి, దంపతులు ఒకరికి అనుకూలంగా మరొకరు చెప్పే సాక్ష్యం చెల్లదు. వ్యతిరేకంగా చెబితే చెల్లుతుంది. తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం కోసం సాక్షులుగా నిలవండన్న ఆదేశం ఖురానులోనే ఉంది. ఇక్కడా అనుమానం పక్షపాతం మీదనే కాని, బంధాన్ని కాపాడే ఆలోచన కాదు.

బంధాన్ని కాపాడడం అన్న భావన మన న్యాయస్థానాలకు వచ్చిన దారి వేరు. ఇంగ్లండు కామన్ లాలో భార్యాభర్తలు ఒకరికి అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని సాక్షులు కాలేరు. వారిద్దరూ ఒకే శరీరంలో రెండు ఆత్మల వంటివారని 1628లో ఎడ్వర్డ్ కోక్ కారణం చెప్పాడు. ఇది అవిభక్త ధనం కాదు, అవిభక్త శరీరం. 1853 నాటి ఇంగ్లీషు చట్టం సివిల్ వ్యవహారాలలో ఈ నిషేధాన్ని తొలగించి, దాంపత్య కాలంలో ఒకరితో ఒకరు చెప్పుకున్న మాటలకు మాత్రం రక్షణ మిగిల్చింది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి భారత సాక్ష్య చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. 118వ సెక్షన్ ప్రకారం ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగిన ఎవరైనా సాక్షే. 120వ సెక్షన్ ప్రకారం క్రిమినల్ కేసులో ముద్దాయి భార్య గాని, భర్త గాని సాక్షి కావచ్చు. రెండు వేల యేళ్ల ఆప్తుల పట్టిక ఒక్క కలంపోటుతో చెరిగిపోయింది. మిగిలిందల్లా 122వ సెక్షన్.

ఆ సెక్షన్ నిర్మాణాన్ని నిదానంగా చదవాలి. దాంపత్య కాలంలో జీవిత భాగస్వామి తనతో చెప్పిన మాటను వెల్లడించమని ఎవరినీ బలవంతపెట్టరాదన్నది మొదటి సగం. మాట చెప్పిన వ్యక్తి గాని, అతని వారసత్వ ప్రతినిధి గాని సమ్మతించకపోతే దానిని వెల్లడించడానికి అనుమతించనూ రాదన్నది రెండో సగం. మొదటి సగం సాక్షిని కాపాడుతుంది. రెండో సగం సాక్షి నోరు మూస్తుంది. హత్య చేసి వచ్చానని భర్త చెప్పిన మాటను భార్య తన ఇష్టంతో కోర్టులో చెప్పదలచినా భర్త సమ్మతి కావాలి. విజ్ఞానేశ్వరుని సర్దుబాటులో విభాగానికి భర్త ఇష్టం ఎలా కావలసి వచ్చిందో, ఇక్కడ మాటకు మాట చెప్పినవాని ఇష్టం అలా కావలసి వచ్చింది. ఆచరణలో ఆ మాట చెప్పినవాడు ఎక్కువగా భర్తే అవుతాడు. దంపతుల మధ్య వ్యాజ్యాలు, ఒకరి మీద మరొకరు చేసిన నేరాల విచారణలు మాత్రమే దీనికి మినహాయింపులు. బిడ్డ మీద జరిగిన నేరం ఆ మినహాయింపుల పరిధిలోకి రాదు.

సుప్రీంకోర్టు 1954లో రామ్ భరోసే కేసులో ఈ గోడకు ఒక కిటికీ పెట్టింది. రక్షణ మాటకే గాని చేతకు కాదని తీర్పు చెప్పింది. భర్త ఇంటి కప్పు మీద నుండి దిగడం, స్నానం చేయడం భార్య కంటితో చూసినవి కనుక చెప్పవచ్చు. ఆ నగల కోసం ఎక్కడికి వెళ్లాడో అతడు చెప్పిన మాట చెప్పరాదు. 1968లో ఎం.సి. వర్గీస్ కేసులో, మాట చెప్పిన నాడు వివాహబంధం ఉన్నదా అన్నదే ముఖ్యమని, తరువాత విడిపోయినా రక్షణ పోదని తేల్చింది. పంపకం తరువాత సాక్ష్యం చెల్లుతుందన్న స్మృతి నియమానికి ఇది సరిగ్గా ఎదురు దిశ. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 128వ సెక్షన్‌గా ఇదే నియమాన్ని దాదాపు యథాతథంగా కొనసాగించింది.

దంపతుల మాటకు ఇంత కాపుదల ఇచ్చిన చట్టం తల్లీబిడ్డల మాటకు ఏమీ ఇవ్వలేదు. కొడుకు తల్లి ఒడిలో తల పెట్టుకొని చెప్పిన నేరాన్ని ఆమె కోర్టులో చెప్పి తీరాలి. నేరస్థుణ్ణి దాచిపెట్టడాన్ని 2024 వరకు శిక్షించిన భారత శిక్షాస్మృతి 212వ సెక్షన్ భార్యాభర్తలను మినహాయించింది, తల్లిని మినహాయించలేదు. రాజ్యాంగం 20వ అధికరణం తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టరాదంటుంది. ఆ 'తాను'లో కుటుంబం లేదు. జర్మనీ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో దంపతులతో పాటు తల్లిదండ్రులు, సంతానం, సోదరులు కూడా సాక్ష్యాన్ని నిరాకరించే హక్కు కలిగి ఉన్నారు. కుటుంబం గురించి మనం చెప్పుకునే మాటలకు, మన చట్టం గుర్తించిన కుటుంబానికి మధ్య ఉన్న ఈ దూరం వలస పాలన నుండి సంక్రమించిందే. స్టీఫెన్ ముందున్న ఇంగ్లీషు చట్టంలో తల్లికి చోటు లేదు కనుక మన చట్టంలోనూ లేదు.

అయితే తల్లికీ బిడ్డకూ ఇదే రక్షణను విస్తరించాలని వెంటనే అనుకోవడం తొందరపాటు. వరకట్న మరణాలలో, ఇంట్లో జరిగిన హత్యలలో చూసినవారు చాలాసార్లు ఆ దంపతుల పిల్లలే. తండ్రికి వ్యతిరేకంగా బిడ్డ సాక్ష్యాన్ని ఏ కారణంతో మూసినా, చనిపోయిన తల్లి వైపు మాట్లాడేవారు మిగలరు. బాలలపై లైంగిక నేరాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం, తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేసి తీరాలని, చేయకపోతే ఆరు నెలల వరకు శిక్ష ఉందని చెబుతూ బంధువులను మినహాయించలేదు. ఇంటి లోపల జరిగిన దానికి ఎరిగినవారందరూ సాక్షులేనన్న మనువు మినహాయింపు ఈ చట్టాల్లో మరో భాషలో మాట్లాడుతోంది. 1953లో దలీప్ సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్, అసలు దోషిని వదిలి నిర్దోషిని ఇరికించే పని దగ్గరి బంధువు చివరగా మాత్రమే చేస్తాడని చెప్పి, ఆప్తుణ్ణి శత్రువు పక్కన నిలబెట్టిన పాత అనుమానాన్ని తిరగరాశాడు. బంధుత్వం పక్షపాతానికి గుర్తుగా కాక, తెలిసి ఉండడానికి గుర్తుగా మారిన క్షణం అది.

కనుక వివాదం బంధాన్ని కాపాడాలా, సత్యాన్ని కాపాడాలా అన్నది కాదు. నోరు తెరవాలో మూయాలో నిర్ణయించే అధికారం ఇంట్లో ఎవరి చేతిలో ఉండాలన్నది. అమెరికా సుప్రీంకోర్టు 1980లో ట్రామెల్ కేసులో, నిందితునికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది సాక్షిగా నిలిచే జీవిత భాగస్వామి ఇష్టమేనని, నిందితుని ఇష్టం కాదని తేల్చింది. ఆంతరంగిక సంభాషణల రక్షణను ఆ తీర్పు ముట్టుకోలేదు. అయినా తాళం చెవి చేతులు మారింది. మన 128వ సెక్షన్ మొదటి సగాన్ని ఉంచి, రెండో సగాన్ని తొలగిస్తే, భార్యను బలవంతపెట్టకుండానే ఆమెకు చెప్పే స్వేచ్ఛ ఇవ్వవచ్చు. తల్లికి కూడా మొదటి సగం మేరకు చోటు కల్పించవచ్చు, బాధితులు ఆ ఇంటివారే అయినప్పుడు తప్ప. అవిభక్తుల మధ్య కూడా అనుమతి ఉంటే సాక్ష్యం చెల్లుతుందని విజ్ఞానేశ్వరుడు ఒప్పుకున్నాడు. ఆ అనుమతి సాక్షిదై ఉండాలన్న ఒక్క మాట ఆయన చెప్పలేదు, స్టీఫెనూ చెప్పలేదు, 2023లో కొత్త చట్టాన్ని రాసినవారూ చెప్పలేదు.